ఊరు వదిలినా వదలని పేరు: కృష్ణా డెల్టా ఇంటిపేర్ల పుట్టుక, అర్థం, చారిత్రక విలువ

వ్యాససంగ్రహం:

తెలుగువారి ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళ పేర్ల నుంచి ఏర్పడ్డాయి. మిగిలినవి పూర్వపురుషుల పేర్ల నుంచి, పదవుల నుంచి, విద్యల నుంచి వచ్చాయి. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాలకు సంబంధించిన కొన్ని ఇంటిపేర్లను భాషాశాస్త్ర, శాసన, సామాజిక చరిత్రల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇంటిపేరు ఒక కుటుంబం ఉంటున్న ఊరిని కాక, వదిలివచ్చిన ఊరిని సూచిస్తుందనీ, అందువల్ల అది వలసకు సాక్ష్యమే గాని కులానికో రక్తసంబంధానికో రుజువు కాదనీ ప్రతిపాదిస్తుంది. ఐర్లండులోని గేలిక్ ఇంటిపేర్లతో పోలిక ఈ ప్రత్యేకతను స్పష్టం చేయడానికి తోడ్పడుతుంది.

కీలక పదాలు: ఇంటిపేరు, గ్రామనామం, ఔపవిభక్తికం, వలస, ఘంటసాల, బెజవాడ, కూచిపూడి, గోత్రం.

1. ఉపోద్ఘాతం:

కృష్ణా డెల్టా పల్లెల్లో కొత్తగా వచ్చిన మనిషిని మొదట అడిగే ప్రశ్నల్లో "మీ ఇంటిపేరేమిటి?" అనేది ఒకటి. పైకి ఇది మర్యాదపూర్వకమైన పలకరింపు. అడిగేవారి ఉద్దేశం మాత్రం చాలా సందర్భాల్లో అంతకు మించి ఉంటుంది. అవతలి వ్యక్తి ఏ కులానికి చెందినవాడు, తమకు ఏ వరస అవుతాడు, పెళ్ళి సంబంధం కలుపుకోవచ్చునా అనే విషయాలను నేరుగా అడగకుండానే తెలుసుకునే సాధనంగా ఇంటిపేరు పనిచేస్తోంది. ఒక చారిత్రక పదాన్ని సామాజిక నిర్ణయానికి ఆధారం చేసుకున్నప్పుడు, ఆ పదం నిజంగా ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో విచారించవలసిన అవసరం ఏర్పడుతుంది.

తెలుగు నామవిజ్ఞానంలో గ్రామనామ పరిశోధనకు గట్టి పునాది ఉంది. కడప జిల్లా ఊళ్ళ పేర్లపై కేతు విశ్వనాథరెడ్డి, కోస్తా ప్రాంత గ్రామనామాలపైనా ఇంటిపేర్లపైనా యార్లగడ్డ బాలగంగాధరరావు చేసిన కృషి ఇందుకు నిదర్శనం. అయితే ఇంటిపేరును ఒక చారిత్రక ఆధారంగా స్వీకరించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలపై చర్చ ఇంకా విస్తరించవలసి ఉంది. ఆ దిశగా ఈ వ్యాసం డెల్టాకు చెందిన కొన్ని ఉదాహరణలను ఎంచుకుంది.

2. ఇంటిపేరులోని వ్యాకరణం:

'ఇంటిపేరు' అనే మాటలోనే దాని నిర్మాణ రహస్యం ఉంది. 'ఇల్లు' అనే పదం మరొక పదానికి విశేషణంగా చేరేటప్పుడు 'ఇంటి' అవుతుంది. ఈ విధంగా విభక్తికి ముందు వచ్చే మార్పులనే వ్యాకరణవేత్తలు ఔపవిభక్తికాలు అన్నారు. చిన్నయసూరి బాలవ్యాకరణం ఇ, టి, తి వర్ణాలను ఈ కోవలో చేర్చింది. ఊరు 'ఊరి' కావడం, ఏరు 'ఏటి' కావడం, నాడు 'నాటి' కావడం ఈ సూత్రానికి లోబడినవే.

డెల్టాలోని గ్రామనామాలను ఇంటిపేర్లతో పోల్చి చూస్తే ఇదే సూత్రం కనిపిస్తుంది. కాటూరు కాటూరి అయింది. కానూరు కానూరి, ఉప్పులూరు ఉప్పులూరి అయ్యాయి. 'పాడు' చివర గల ఊళ్ళు ఇంటిపేర్లలో 'పాటి'గా మారతాయి. 'వరం', 'పురం' వంటి మువర్ణాంత నామాలు 'వరపు', 'పురపు' అవుతాయి. గన్నవరం నుంచి గన్నవరపు ఏర్పడిన తీరు ఇదే. పూడి, పల్లి, వాడ, గడ్డ వంటి పదాలతో ముగిసే ఊళ్ళ పేర్లలో ఈ మార్పుకు అవకాశం లేదు కాబట్టి కూచిపూడి, గుడివాడ, యార్లగడ్డ వంటివి ఊరి పేర్లుగాను, ఇంటిపేర్లుగాను ఒకే రూపంలో నిలిచాయి.

దీనివల్ల రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, 'కాటూరి' అనేది స్వతంత్రమైన పేరు కాదు. 'కాటూరుకు చెందిన' అనే సంబంధాన్ని తెలిపే విశేషణం. రెండవది, ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు రావడం కేవలం ఆచారం కాదు. తెలుగు వాక్యంలో విశేషణం విశేష్యానికి ముందు ఉంటుంది. 'ఏటి నీరు' అన్నట్టే 'కాటూరి వేంకటేశ్వరరావు'. ఇంటిపేరును చివరకు జరిపితే ఆ పదబంధపు అన్వయమే దెబ్బతింటుంది.

ఈ వ్యాకరణ నిర్మాణానికి శాసనాల్లో సంస్కృత సమాంతరం ఉంది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు దానం పొందిన బ్రాహ్మణుణ్ణి పరిచయం చేసేటప్పుడు అతడు ఏ ఊరి వాస్తవ్యుడో, ఏ గోత్రీకుడో, ఎవరి మనుమడో, ఎవరి కుమారుడో వరుసగా చెబుతాయి. 'ఫలానా ఊరి వాస్తవ్యుడు' అనే ఆ నిర్దేశం చేసిన పనినే తర్వాతి కాలంలో ఔపవిభక్తిక రూపంలోని ఇంటిపేరు చేసిందని భావించవచ్చు. తేడా ఒక్కటే. శాసనంలోని వాస్తవ్యత ఆ వ్యక్తి జీవితకాలానికి సంబంధించినది. ఇంటిపేరులోని వాస్తవ్యత అతడి సంతతి ఎక్కడికి వెళ్ళినా వెంట వెళ్ళింది.

3. ఘంటసాల: ఒక ఇంటిపేరు వెనుక ఒక రేవుపట్టణం:

ఇంటిపేరు ఎంత ప్రాచీనమైన స్థలచరిత్రను దాచుకోగలదో 'ఘంటసాల' చెబుతుంది. తెలుగువారికి ఈ మాట వినగానే గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు (1922-1974) గుర్తుకు వస్తారు. ఆయన పుట్టినది ఘంటసాలలో కాదు, గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో. ఘంటసాల గ్రామం దివిసీమ పరిసరాల్లో, మచిలీపట్నానికి పశ్చిమాన ఉంది.

ఈ ఊరి ప్రాచీనతకు మూడు రకాల ఆధారాలు ఉన్నాయి. క్రీస్తు శకం 2వ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళవేత్త టాలెమీ మైసోలియా తీరంలో 'కొంటకోసిల' అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. నాగార్జునకొండలో దొరికిన 3వ శతాబ్ది నాటి ఇక్ష్వాకు శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక తాను చేసిన దానాలను వివరిస్తూ, కంటకసేలలోని మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద శిలామండపాన్ని కట్టించినట్లు చెప్పింది. ఘంటసాలలోనే లభించిన ప్రాకృత శాసనాలను పరిష్కరించిన వోగెల్ ఆ శాసనాల్లో ఈ స్థలనామాన్నీ, 'మహానావిక' అనే బిరుదు గల ఒక దాత పేరునూ గుర్తించాడు. మహానావికుడంటే పెద్ద నౌకల అధిపతి. ఆ బిరుదు గల వ్యక్తి దానం చేసిన ఊరు సముద్ర వర్తకంతో సంబంధం గలదని వేరే చెప్పనక్కరలేదు. ఊళ్ళోని బౌద్ధస్తూపాన్ని అలెగ్జాండర్ రీ తవ్వించి, 1894లో వెలువరించిన గ్రంథంలో భట్టిప్రోలు, గుడివాడ స్తూపాలతో పాటు వివరించాడు.

పేరు అర్థం విషయంలో రెండు వివరణలు ఎదురుపడతాయి. ఘంట, శాల అని విడదీసి 'గంటల శాల' అని చెప్పడం లోకవ్యుత్పత్తి. నేటి రూపాన్ని మాత్రమే చూసే వారికి అది సహజంగా తోస్తుంది. శాసనరూపం మాత్రం కంటకసేల. 'కంటక' అంటే ముల్లు. ప్రాకృతంలోని 'సేల' సంస్కృతంలోని 'శైల'. అంటే 'ముళ్ళకొండ' అని అక్షరార్థం. చదునైన డెల్టా భూమిలో కొండ ఎక్కడిదనే సందేహం రావడం సహజం. పూర్వశైల, అపరశైల అనే ఆంధ్ర బౌద్ధ శాఖల పేర్లలో ఈ పదమే ఉందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. 'శైల' అనేది ఇక్కడ ప్రకృతి సిద్ధమైన గుట్టను కాక చైత్యస్థలాన్ని సూచించి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేము. వాడుకలో కంటకసేల కుదించుకుపోయి, అర్థం మరుగునపడిన తర్వాత, జనానికి తెలిసిన 'ఘంట', 'శాల' అనే పదాల ఒరవడిలో నేటి రూపం స్థిరపడిందని ఊహించవచ్చు.

ఈ ఉదాహరణ నుంచి పద్ధతికి సంబంధించిన పాఠం ఒకటి లభిస్తుంది. ఇంటిపేరు అర్థాన్ని ఇంటిపేరులో వెతకకూడదు. అది ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరి పేరు పాత రూపంలో వెతకాలి. నేటి ఉచ్చారణను బట్టి చెప్పే అర్థం ఎంత అందంగా ఉన్నా, శాసనరూపం ముందు నిలవదు.

4. పేరు ఒక ఊరిది, పుట్టుక మరొక ఊళ్ళో:

ఒక ఊళ్ళో అందరూ ఆ ఊరివారే అయినప్పుడు ఒకరిని ఆ ఊరి పేరుతో పిలవడం వల్ల ప్రయోజనం ఉండదు. కూచిపూడిలో ఉన్నవారిని 'కూచిపూడివారు' అంటే ఎవరినని అర్థం చేసుకోవాలి? వారిలో ఒకరు మరొక ఊరికి వెళ్ళి స్థిరపడినప్పుడే ఆ మాటకు గుర్తించే శక్తి వస్తుంది. కాబట్టి గ్రామనామం ఇంటిపేరుగా మారడం సాధారణంగా ఆ గ్రామం నుంచి బయటికి వెళ్ళిన తర్వాత జరిగే పరిణామం. కూచిపూడి నాట్య కుటుంబాల ఇంటిపేర్లు వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటివి కావడం ఈ తర్కానికి అనుగుణంగానే ఉంది.

విజయవాడలోని ఎస్.ఆర్.ఆర్. కళాశాల ఈ విషయంలో ఒక విచిత్రమైన సన్నివేశాన్ని చూసింది. అక్కడ తెలుగు బోధించిన విశ్వనాథ సత్యనారాయణ 1895లో కృష్ణా జిల్లా నందమూరులో జన్మించారు. అక్కడ చదువుకున్న నందమూరి తారక రామారావు 1923లో నిమ్మకూరులో జన్మించారు. నందమూరులో పుట్టినవారి ఇంటిపేరు నందమూరి కాదు. నందమూరి ఇంటిపేరు గలవారు పుట్టినది నందమూరులో కాదు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఇంటిపేరు గతాన్ని చెబుతుంది, వర్తమానాన్ని కాదు.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. నందమూరు అనే పేరు గల ఊరు ఒక్కటే లేదు. ఎర్రకాలువ మీద ప్రసిద్ధమైన అక్విడక్టు ఉన్న నందమూరు పశ్చిమ గోదావరి ప్రాంతంలో ఉంది. ఇంటిపేరును బట్టి ఊరి పేరును చెప్పగలం గాని, అదే పేరు గల ఊళ్ళలో ఏది మూలమో ఇంటిపేరు ఒక్కటే నిర్ణయించలేదు. కుటుంబపు భూమి కాగితాలు, కులదేవతల నెలవులు, పెళ్ళి సంబంధాల పరిధి వంటి ఇతర ఆధారాలు తోడు రావాలి.

ఊరి పేరు మారినా ఇంటిపేరు మారకపోవడం మరొక విశేషం. బెజవాడ అనే రూపం 10వ శతాబ్ది నాటి యుద్ధమల్లుని తెలుగు పద్యశాసనం కాలం నుంచీ ఉన్నది. నగరానికి ఇప్పుడు విజయవాడ అనే పేరు స్థిరపడింది. 1955-56లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంవారు. నగరం వదులుకున్న పాత పేరును ఇంటిపేరు నిలుపుకున్నది.

ఊరే లేకుండా పోయినా పేరు మిగలవచ్చు. కూచిపూడి కుటుంబాల్లో 'ఏలేశ్వరపు' అనే ఇంటిపేరు ఉంది. ఏలేశ్వరం పేరుతో ఒక ఊరు గోదావరికి ఉత్తరాన నేటి కాకినాడ జిల్లాలో ఉంది. అదే పేరుతో కృష్ణాతీరంలో ఉండిన మరొక ప్రాచీన స్థలం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయింది. ఈ కుటుంబం ఏ ఏలేశ్వరం నుంచి వచ్చినదనే ప్రశ్నకు ఇంటిపేరు ఒక్కటే సమాధానం కాదు. అయినా ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లుగా ఎక్కడెక్కడ బతికి ఉన్నాయో సేకరించడం చేయదగిన పని.

ఈ సాధారణ సూత్రానికి అపవాదాలు ఉన్నాయి. కాటూరి వేంకటేశ్వరరావు 1895లో కాటూరులోనే జన్మించారు. ఒక ఊరి పేరు ఆ ఊళ్ళోనే ఇంటిపేరుగా నిలవడానికి రెండు కారణాలు ఊహించవచ్చు: ఒకప్పుడు బయటికి వెళ్ళిన శాఖ తిరిగి రావడం, లేదా ఆ ఊరి పెత్తనం ఒకే కుటుంబం చేతిలో ఉండడం. ఏది వర్తిస్తుందో ఆయా కుటుంబాల చరిత్రను బట్టి తేల్చవలసిందే.

5. పూర్వపురుషుడు, పదవి, విద్య:

ఊరితో సంబంధం లేని ఇంటిపేర్లలో '-నేని' చివర గలవి డెల్టాలో ప్రముఖమైనవి. 'నాయుడు' అనే మాటకు కుదింపుగా నేడు, నీడు అనే రూపాలు ఉన్నాయి. రాజు అనే అర్థం గల 'రేడు' పదం 'రేని' అయినట్టే 'నేడు' ఔపవిభక్తిక రూపంలో 'నేని' అవుతుంది. చల్లపల్లి జమీందారుల పేర్లలో తరచుగా కనిపించే 'అంకినీడు' వంటి వ్యక్తినామాలను, అక్కినేని, అంకినేని వంటి ఇంటిపేర్లను పక్కపక్కన ఉంచి చూస్తే, మొదటిది వ్యక్తి పేరనీ, రెండవది ఆ పేరు గల పూర్వికునికి చెందినవారనే అర్థం ఇచ్చే రూపమనీ స్పష్టమవుతుంది. '-బోయిన' చివర గల ఇంటిపేర్లలోనూ ఇటువంటి నిర్మాణాన్నే గుర్తించవచ్చు.

ఈ రకాన్ని గేలిక్ ఇంటిపేర్లతో పోల్చవచ్చు. ఐర్లండులో 'మాక్' అంటే కుమారుడు. 'ఓ' అంటే మనుమడు లేదా సంతతి. వీటి తర్వాత వచ్చే పూర్వికుని పేరు షష్ఠీ విభక్తి రూపంలో ఉంటుంది. ఓ'బ్రయన్ అనే ఇంటిపేరు 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించిన బ్రయన్ బోరు సంతతివారిది. కుమార్తె అయితే గేలిక్‌లో ఆ ముందుమాట 'నీ' లేదా 'నిక్' అని మారుతుంది. అంటే గేలిక్ ఇంటిపేరు ప్రధానంగా రక్తసంబంధాన్ని చెప్పే వాక్యఖండం. డెల్టాలోని '-నేని' పేర్లు దీనికి దగ్గరివి. 'కాటూరి', 'నందమూరి' వంటివి దీనికి భిన్నమైనవి. అవి మనిషిని మనిషితో కాక నేలతో ముడిపెడతాయి.

ఐర్లండు చరిత్రలో మరొక ఘట్టం కూడా పోలికకు వస్తుంది. 1465లో వెలువడిన ఒక చట్టం డబ్లిన్ పరిసర ప్రాంతాల్లో ఆంగ్లేయుల మధ్య నివసించే ఐరిష్ వారు ఊరి పేరునో, రంగు పేరునో, వృత్తి పేరునో, పదవి పేరునో ఆంగ్లంలో ఇంటిపేరుగా పెట్టుకోవాలని శాసించింది. ఐరిష్ వారిపై చట్టం రుద్దిన ఈ వర్గాల్లో ఊరు, వృత్తి, పదవి తెలుగునాట ఏ రాజశాసనం లేకుండానే వాడుక నుంచి ఏర్పడ్డాయి.

పదవి నుంచి వచ్చిన ఇంటిపేర్లకు '-ప్రగడ' మంచి ఉదాహరణ. మంత్రి, ఉన్నతాధికారి అనే అర్థం గల 'ప్రెగ్గడ' దీనికి మూలం. కవిత్రయంలోని ఎఱ్ఱన పేరు ఎఱ్ఱాప్రెగడగా ప్రసిద్ధం. ఒక వ్యక్తి పేరు చివర గౌరవసూచకంగా నిలిచిన ఈ పదం, యెల్లాప్రగడ వంటి ఇంటిపేర్లలో వంశపరంపరగా మారింది. విద్య, వైదికవృత్తుల నుంచి వచ్చినవాటిలో బహువచన గౌరవరూపం కనిపిస్తుంది: జోస్యులు నుంచి జోస్యుల, భాగవతులు నుంచి భాగవతుల, అవధానులు నుంచి అవధానుల, భట్లు నుంచి భట్ల. ఇక్కడ చివరి 'ల' కూడా 'వారికి చెందిన' అనే సంబంధాన్నే తెలుపుతుంది. ఊరైనా, మనిషైనా, పదవైనా, విద్యైనా తెలుగు ఇంటిపేరు వ్యాకరణం ఒక్కటే.

6. హక్కుగా ఇంటిపేరు: కూచిపూడి ఉదాహరణ:

ఇంటిపేరు గుర్తింపుకు మాత్రమే గాక హక్కుకు కూడా ఆధారమైన సందర్భం కూచిపూడి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కూచిపూడి భాగవతులకు అగ్రహారాన్ని ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. 1763 నాటి ఆస్తి పంపకపు పత్రం ఆ ఊళ్ళో హక్కుదారులైన కుటుంబాలను ఇంటిపేర్లతో నమోదు చేసింది. అప్పటి నుంచి కూచిపూడి నాట్య సంప్రదాయంలో 'ఇంటిపేరు' అనే మాటకు భూమిలో వాటా, ప్రదర్శనలో అర్హత, గురుపరంపరలో స్థానం అనే అర్థాలు కలిసివచ్చాయి.

20వ శతాబ్దిలో ఈ పరిస్థితి మారింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో నెలకొల్పిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ వంటి సంస్థల్లో ఆ ఊరితో గాని, ఆ ఇంటిపేర్లతో గాని సంబంధం లేని విద్యార్థులు, ముఖ్యంగా స్త్రీలు, పెద్ద సంఖ్యలో శిక్షణ పొందారు. ఊరి పేరు నాట్యరీతి పేరై ప్రపంచమంతటా వ్యాపించిన కొద్దీ, ఆ విద్యపై ఇంటిపేరుకు ఉన్న పట్టు సడలింది. ఇంటిపేరు ఒకప్పుడు హక్కుపత్రంగా పనిచేసిందన్న వాస్తవం, అది ఎవరిని లోపలికి రానిచ్చిందో, ఎవరిని బయట ఉంచిందో కూడా చెబుతుంది.

7. ఇంటిపేరు దేనికి రుజువు కాదు?

ఒకే ఇంటిపేరు గలవారిని అన్నదమ్ముల వరసగా భావించి, వారి మధ్య వివాహాన్ని నిషేధించే ఆచారం డెల్టాలోని అనేక సామాజిక వర్గాల్లో ఉంది. పూర్వికుని పేరు నుంచి వచ్చిన ఇంటిపేర్ల విషయంలో ఈ భావనకు కొంత ఆధారం ఉండవచ్చు. ఊరి నుంచి వచ్చిన ఇంటిపేర్ల విషయంలో ఆ అవసరం లేదు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దిక్కులకు వెళ్ళిన ఏ సంబంధం లేని కుటుంబాలన్నింటికీ ఒకే ఇంటిపేరు రావచ్చు. ఒకే ఇంటిపేరు గల బ్రాహ్మణ కుటుంబాలకు వేర్వేరు గోత్రాలు ఉండడం దీనికి నిదర్శనం.

కులం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఒక ఊరిని విడిచి వెళ్ళేవారు ఒకే కులం వారు కానక్కరలేదు. ఊరి యజమాని వెళ్ళినా, రైతు వెళ్ళినా, కూలి వెళ్ళినా చేరిన చోట వారికి దక్కే గుర్తు ఆ ఊరి పేరే. అందుకే ఒకే గ్రామనామం భిన్న కులాల ఇంటిపేర్లుగా నేటికీ కనిపిస్తుంది. '-నేని', '-ప్రగడ' వంటి కొన్ని ప్రత్యయాలు కొన్ని వర్గాల్లో అధికంగా ఉండడం వాస్తవమే. అయినా ఆ కొద్దిపాటి ప్రత్యయాల ఆధారంగా ఏర్పడిన అలవాటును ఇంటిపేర్లన్నింటికీ వర్తింపజేసి కులనిర్ణయం చేయడం శాస్త్రీయం కాదు. పదం చెప్పేది ఊరు. దానిలో కులాన్ని వెతుకుతున్నది వినేవారు.

మతం మారినప్పుడు సైతం ఇంటిపేరు నిలిచింది. క్రైస్తవం స్వీకరించిన కుటుంబాల్లో వ్యక్తినామాలు బైబిలు నుంచి వచ్చినా ఇంటిపేర్లు తెలుగువిగానే మిగిలాయి. వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ పేరులోని రెండు పదాలు రెండు సంప్రదాయాలకు చెందినవి. వ్యక్తి ఏ విశ్వాసానికి చెందినవాడో పేరు చెబితే, అతడి కుటుంబం ఏ నేలలో వేళ్ళూనిందో ఇంటిపేరు చెప్పింది.

స్త్రీల విషయంలో ఇంటిపేరు సాక్ష్యం అసంపూర్ణం. బాపట్లలో జన్మించిన రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ పుట్టింటి పేరు పాలపర్తి. పెళ్ళితో ఒక '-పర్తి' పోయి మరొక '-పర్తి' వచ్చింది. స్త్రీ పేరు ముందున్న ఊరు ఆమె భర్త పూర్వికులు విడిచిన ఊరు. తల్లుల వైపు నుంచి వచ్చిన ఊళ్ళు తరం తరానికీ చెరిగిపోతాయి. కాబట్టి ఇంటిపేర్ల ఆధారంగా గీసే వలస పటం సగం చరిత్రనే చూపిస్తుందని పరిశోధకులు గుర్తించాలి.

8. ఇంటిపేరు నుంచి పొడి అక్షరానికి:

వలస పాలన కాలంలో ఐర్లండులో అనేక గేలిక్ ఇంటిపేర్లు 'ఓ', 'మాక్' అనే ముందుమాటలను కోల్పోయాయి. కొన్ని ఆంగ్లంలోకి అనువదించబడ్డాయి. కమ్మరి కుమారుడు అనే అర్థం గల 'మాక్ గవన్' కొన్నిచోట్ల 'స్మిత్' అయింది. 1893లో ఏర్పడిన గేలిక్ లీగ్ ప్రభావంతో చాలామంది పాత రూపాలను తిరిగి స్వీకరించారు. తెలుగు ఇంటిపేరుకు అనువాదపు బాధ కలగలేదు. దానికి కలిగినది మరొక రకమైన నష్టం. బడి రిజిస్టర్లలో, ఉద్యోగపు కాగితాల్లో అది ఒక పొడి ఆంగ్ల అక్షరంగా కుదించుకుపోయింది.

1902లో కంకిపాడులో జన్మించి, నాగార్జునసాగర్ నిర్మాణంతో పేరు ముడిపడిన ఇంజనీరు, విజయవాడ పార్లమెంటు సభ్యుడు కానూరి లక్ష్మణరావు అందరికీ కె.ఎల్. రావుగానే తెలుసు. పులిచింతల జలాశయానికి ఆ రూపంలోనే పేరు పెట్టారు. కానూరు అనే ఊరు ఒక 'కె'లో ఇమిడిపోయింది. నూజివీడు, నందిగామలలో బాల్యంలో చదివిన గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023) 1945లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రపంచంలో 'క్రామెర్-రావు' హద్దుగా ప్రసిద్ధం. అక్కడ ఇంటిపేరు స్థానంలో నిలిచినది గౌరవవాచకమైన 'రావు'. 1895లో భీమవరంలో జన్మించిన జీవరసాయన శాస్త్రవేత్త యెల్లాప్రగడ సుబ్బారావు విషయంలో, 1925 నాటి 'ఫిస్కే-సుబ్బారావు' పద్ధతి పేరులో వ్యక్తినామమే ఇంటిపేరు అయింది.

ఈ మూడు ఉదాహరణల్లోనూ జరిగినది ఒకటే. పాశ్చాత్య పద్ధతి పేరులోని చివరి మాటను వంశనామంగా స్వీకరిస్తుంది. తెలుగు వ్యాకరణం మొదటి మాటను సంబంధవాచకంగా నిలుపుతుంది. రెండు పద్ధతులు ఎదురుపడినచోట ఊరి పేరు లుప్తమైంది. నేడు పాస్‌పోర్టు కోసం పేరును రెండు ముక్కలుగా విడదీసి నింపుతున్న ప్రతి కుటుంబమూ ఈ సమస్యనే ఎదుర్కొంటున్నది. ఇంటిపేరును చివరకు మార్చడం కేవలం క్రమభేదం కాదు. 'ఫలానా ఊరికి చెందిన' అనే విశేషణాన్ని అర్థరహితమైన గుర్తుగా మార్చడం.

9. ముగింపు:

కృష్ణా డెల్టా ఇంటిపేర్లు ప్రధానంగా వలసల స్మృతులు. వాటి ఔపవిభక్తిక రూపం 'నుంచి వచ్చిన', 'కు చెందిన' అనే సంబంధాన్ని తరతరాలుగా మోస్తున్నది. ఘంటసాల వంటి ఇంటిపేరు ప్రాచీన రేవుపట్టణాన్ని, బెజవాడ వంటిది నగరపు పూర్వరూపాన్ని కాపాడాయి. '-నేని', '-ప్రగడ', '-జోస్యుల' వంటివి పూర్వికులను, పదవులను, విద్యలను గుర్తుచేస్తాయి. వీటిని చారిత్రక ఆధారాలుగా స్వీకరించేటప్పుడు లోకవ్యుత్పత్తిని శాసనరూపంతో సరిచూడాలి. ఒకే పేరు గల పలు ఊళ్ళ అవకాశాన్ని గమనించాలి. రక్తసంబంధాన్ని, కులాన్ని ఇంటిపేరు నుంచి నేరుగా నిర్ణయించరాదు.

ఇంటిపేరును పూర్తిగా రాసే అలవాటు తగ్గుతున్న ఈ కాలంలో, మండలాల వారీగా ఇంటిపేర్లను వాటి పూర్తి రూపంతోనూ, కుటుంబాలు చెప్పుకునే వలస కథనాలతోనూ సేకరించడం కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టదగిన కార్యం. అటువంటి సేకరణలో తల్లుల పుట్టింటి పేర్లకు కూడా చోటివ్వాలి. "మీ ఇంటిపేరేమిటి?" అనే ప్రశ్నకు "ఏ ఊరి నుంచి వచ్చారు?" అనే అర్థాన్ని ఆ కృషి తిరిగి ఇవ్వగలదు.